సీసాల్లో కాలువ నీళ్లు

రిటైరయ్యాక డాక్టరు రోజూ నడవమన్నాడు. భానూరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబం మాది. ఇప్పుడు ఉండేది సంగారెడ్డి శివార్లలో, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్లే వైపు. మా కాలనీ చివర గట్టెక్కితే కొంతదూరం కాలువ పక్కన, ఆ తర్వాత మంజీర ఒడ్డున, అక్కణ్ణుంచి పత్తి చేల మధ్య బండ్లబాటలో నడిచి మళ్లీ ఇంటికి చేరొచ్చు. ఎక్కడా ఎత్తుపల్లాల్లేవు. మా ఆవిడ మోకాళ్లు కూడా ఆ దారికి అభ్యంతరం చెప్పలేదు. నీళ్ల మీద కొంగలు, వలలు సర్దుకునే జాలరులు, అవతలి ఒడ్డున మంచు. బాగుండేది.

ఒక్కటే ఇబ్బంది. కాలువ నదివైపు మళ్లే చోట ఒకామె రెండు బర్రెల్ని మేపుతుండేది. యాభై దాటిన మనిషి. మేం కనిపించినప్పటి నుంచి కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉండేది. పలకరిస్తే పలికేది కాదు. ఒకరోజు మేం మలుపు తిరిగేసరికి ఆమె కాలువలోకి వంగి ఉంది. చేతిలో ప్లాస్టిక్ సీసా. మమ్మల్ని చూడగానే గబుక్కున కొంగు కింద దాచేసింది.

"ఏదో పోస్తోందండీ," అంది మా ఆవిడ గొంతు తగ్గించి.

"ఏం పోస్తుంది? వాళ్ల బర్రెలు తాగే నీళ్లేగా."

"తాగనిస్తే కదా. నీళ్ల దగ్గరికి పోతే అదిలించి తోలేస్తోంది, మీరు చూడలేదా?"

నేను చూడలేదు. తర్వాత గమనిస్తే నిజమే. కొన్ని పొద్దులు కాలువ మీద తెల్లటి నురగ తేలేది, ముక్కు మండే వాసన వచ్చేది. ఆ నురగకీ ఆమె సీసాకీ ఏదో సంబంధం ఉందన్న అనుమానం నాకూ పట్టుకుంది.

ఇంతలో బండ్లబాటకు అడ్డంగా తుమ్మకంప పడింది. పక్కకు లాగి వెళ్లాం. మర్నాడు మళ్లీ కంప, ఇంకా ఎక్కువగా. మా ఆవిడ రోడ్డు మీద నడుద్దామంది. నాకు పంతం వచ్చి కర్రతో కంప తప్పిస్తూ ఆవిణ్ణీ అదే దారిన తీసుకుపోయాను.

ఒకరోజు నురగ మరీ ఎక్కువగా ఉంటే ఫోన్‌లో ఫోటో తీశాను. వెనక నుంచి మగ గొంతు వినిపించింది.

"ఫోటో ఎందుకు దీస్తున్నవ్ సారూ? ఏ కంపెనీ మీది?"

యూనిఫాంలో ఉన్న నడివయసు మనిషి. బర్రెలామెకు మరిది అవుతాడని, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో పనిచేస్తాడని తర్వాత తెలిసింది. ఆమె అతని పక్కనే నిలబడి ఉంది.

"ఏ కంపెనీ లేదు. రిటైరయ్యాను. షుగరుందని నడుస్తున్నాను."

"షుగరుంటే రోడ్డు మీద నడువరాదా?" అందామె. "రోజు మా చెల్క సుట్టే తిరుగుతున్నరు. మాట సూస్తే ఆంధ్రోల్ల లెక్కుంది. వెంచరు కోసం భూమి సూస్తున్నరా ఏంది?"

మా దారి వాళ్ల పొలాన్ని చుట్టి వస్తోందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. కంప ఎవరు వేశారో కూడా అప్పుడే అర్థమైంది.

మా ఆవిడ ఊరుకోలేదు. "మా సంగతి సరే. నువ్వు సీసాతో కాలువలో పోస్తున్నదేంటమ్మా?"

"పోసుడేంది? నీళ్లు పడుతున్న," అందామె. ఆ తర్వాత ఆగలేకపోయింది. "ఎండకాలం ఫ్యాక్టరోల్లు ఇడిసిన గీ నీళ్లు తాగినంకనే మా పెద్ద బర్రెకు కడుపుల దూడ పోయింది. చెప్తే ఎవ్వలు నమ్ముతలేరు. గందుకే వాసనొచ్చినప్పుడల్ల ఒక సీస పట్టి పెడుతున్న. మీరు ఫ్యాక్టరోల్ల మనుషులు, నన్ను కనిపెట్టనీకి వస్తున్నరనుకున్న."

చూపిస్తా రమ్మని ఇంటికి తీసుకెళ్లింది. గోడ వారగా సీసాలు నిలబెట్టి ఉన్నాయి. కొన్నిట్లో నీళ్లు తేటగానే ఉన్నాయి, కొన్నిటి అడుగున పచ్చటి మడ్డి. టీ పెట్టి ఇచ్చింది. మా ఆవిడ గ్లాసు పట్టుకుని ఊదుతూనే ఉంది.

"బోరు నీళ్లే అమ్మా. తాగు," అందామె.

మా ఆవిడ తలొంచుకుని తాగింది.

మేం లేచేటప్పుడు మరిది గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఏమన్న చేస్తే చెయ్యుండ్రి సారూ. నా పేరైతే బయటికి రావొద్దు. నౌకరి పోతది."

ఆమే నేనూ రెండు సీసాలు తీసుకుని సంగారెడ్డిలో కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఉద్యోగి సీసాను వెలుతురులో తిప్పి చూసి, ఇవి ఆ కాలువ నీళ్లేనని నమ్మకమేమిటని అడిగాడు. ఆమెకు కోపం వచ్చింది. ఆ కుర్చీలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. చివరికి, తామే వచ్చి నీళ్లు పట్టుకుంటామని, ముందురోజు కబురు చేస్తామని చెప్పాడు.

వాళ్లొచ్చిన రోజు కాలువ అద్దంలా ఉంది. నురగ లేదు, వాసన లేదు, అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. పట్టుకుని వెళ్లారు. కొన్నాళ్లకు, నీళ్లలో దోషమేమీ లేదన్నారు.

ఆ సంగతి తెలిసిన పొద్దున గట్టు మీద కలిశాం. ఆమె మరిది వైపు చూసింది.

"ఆఫీసోల్లొస్తున్నరని నేనెవ్వలకు చెప్పలే వదినా," అన్నాడతను, ఎవరూ అడగకుండానే. తర్వాత నా వైపు చూశాడు. నేనూ ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ణేనని అతనికి చెప్పి ఉన్నాను; ఆ పాత స్నేహాలు అతని కళ్లలో మెదిలినట్టున్నాయి. ఇంటికొస్తుంటే మా ఆవిడ కూడా అడిగింది: "మీరెవరితోనన్నా అన్నారా?" అనలేదన్నాను. ఆవిడ తలూపింది, కానీ వెంటనే కాదు.

నురగ మళ్లీ వచ్చింది. ఆమె పొలంలో తొట్టి కట్టించి, బర్రెలకు బోరు నీళ్లే పెడుతోంది. మరుసటి ఏడాది చలికాలంలో పెద్ద బర్రె ఈనింది. దూడను చూద్దామని వెళ్తే పాకకు గోనెపట్టా అడ్డం కట్టి, "జెర ఆగుండ్రి, దిష్టి తగుల్తది," అంది. మా ఆవిడ నొచ్చుకుంది. పదిమందికీ చెప్పే మాటే మాకూ చెప్పిందని సర్దిచెప్పాను.

ఇప్పుడు మమ్మల్ని చూస్తే దూరం నుంచే కేకేస్తుంది. మొన్న కూడా అంతే. "ఇయ్యాల వాసనున్నది, ఇటు రాకుండ్రి. మర్లిపోండ్రి."

మేమిద్దరం అక్కడే నిలబడి గాలి పీల్చి చూశాం. నాకే వాసనా తెలియలేదు. మా ఆవిడకు జలుబు. కాసేపు ఆమె వైపు చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాం.