మూడుసార్లు పది పేర్లు

పిడుగు పడి మనిషి పోతే పేపర్లో వేస్తారు. ఫొటో కూడా వేస్తారు. పిడుగులు పడిన సాయంత్రం బడిలో ఉన్న పిల్లలందరూ నిక్షేపంగా ఇళ్లకు చేరితే ఒక్క ముక్క రాయరు. అదేం వార్త అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. అందుకే నేనే రాస్తున్నాను.

మొన్న వేసవిలో, కొమరోలులో ఉండే నా కూతురు తన పిల్లను గిద్దలూరులో నా దగ్గర వదిలింది. ఇక్కడి బడిలో ఖోఖో క్యాంపు పెట్టారు. "నాయనా, సాయంత్రం నువ్వే పోయి తెచ్చుకో. అది ఒక్కతే రాకూడదు. నీదే బాధ్యత" అని బస్సెక్కుతూ కూడా చెప్పింది. పిల్లకు పదకొండేళ్లు. కాళ్లు నేల మీద నిలవవు. నిద్రలో కూడా పరిగెత్తుతుంది.

క్యాంపు నాకు మొదటిరోజే నచ్చలేదు. నీళ్ల డ్రమ్ముకు మూత లేదు. పిల్లలు కూర్చునే షామియానాను ఇనుప గుంజల మీద వేలాడగట్టారు. పెద్దసారుకు అర్జీ రాసిచ్చాను. నేను బడికి పోయింది తక్కువ. కిరాణా దుకాణంలో పొట్లాలు కడుతూ, ఆ కాగితాల మీదే అక్షరాలు కూడబలుక్కున్నాను. చదవడం వచ్చిన రోజునుంచీ కంటికి కనబడిన ప్రతి అన్యాయం మీదా అర్జీ రాస్తూనే ఉన్నాను. నేను గేటు దగ్గర కనబడితే ఆఫీసుల్లో సగంమంది టీ తాగడానికి లేచిపోతారు.

క్యాంపు చూసేది ఒక పీఈటీ టీచరు. మార్కాపురం అమ్మాయి. వాళ్ల నాయనకు అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. ఇంట్లో ఉర్దూ, బయట మనలాగే తెలుగు. ఆమె మొదటిరోజు ఆట మొదలుపెట్టలేదు. పొడుగ్గా విజిల్ వేస్తే ఎక్కడివాళ్లు అక్కడ అన్నీ పడేసి స్లాబు గదిలోకి పరిగెత్తాలి, నేలమీద కూర్చోవాలి, కిటికీ చువ్వలు ముట్టుకోకూడదు. పొద్దుగూకేదాకా అదే నేర్పింది. ఆటలు నేర్పమంటే దాక్కోవడం నేర్పుతోందేమిటని దాని మీద ఇంకో అర్జీ రాద్దామనుకున్నాను.

పిడుగులు పడిన రోజు మధ్యాహ్నం అందరి ఫోన్లూ ఒకేసారి గుర్రుమన్నాయి. పిడుగులు పడే అవకాశం ఉందని మెసేజి. చూసి జేబులో పెట్టుకోవడం మనవాళ్లకు అలవాటు. నేను మాత్రం మోపెడ్ తీశాను. వాన రాకముందే పిల్లను ఇంటికి చేర్చాలి, అంతే.

గ్రౌండులోకి వచ్చేసరికి నల్లమల వైపు ఆకాశం కమిలిపోయి ఉంది. ఎర్రదుమ్ము లేచింది. విజిల్ మోగింది. పిల్లలు తాళ్లూ, బ్యాగులూ, చెప్పులూ వదిలేసి గదివైపు ఉరికారు. పెద్దవాళ్లు మాత్రం మన పద్ధతి ప్రకారం షామియానా వైపు ఉరికారు. పెళ్లికైనా చావుకైనా గాలి లేస్తే మగవాళ్లు తలా ఒక గుంజ పట్టుకుని వేలాడతారు కదా, అట్లాగే ఇద్దరు తండ్రులు, డేరా కట్టిన మనిషి తలా ఒక ఇనుప గుంజను కావలించుకున్నారు.

"ఇడిసిపెట్టండన్నా!" అని అరిచింది టీచరు.

"డేరా ఎగిరిపోతాదమ్మా!"

"పోనీ! రేపు ఇంకోటి తెచ్చుకుందాం. ఇనుమన్నా అది, ఇడిసిపెట్టండి!"

వాళ్లు వదిలేసి గదిలోకి పరిగెత్తారు. షామియానా గోడ దాటి ఎవరి పెరట్లోకో పోయింది.

నేను గది ముందు మనవరాలి చెయ్యి పట్టుకుని, "రా, ఇంటికి పోదాం" అన్నాను. టీచరు వచ్చి మధ్యలో నిలబడింది.

"తాతా, పిల్లను ఇయ్యను. నువ్వూ లోపలికి రా."

"ఇయ్యననేదానికి నువ్వెవరమ్మా? నా మనవరాలు."

"నీ మనవరాలే. ఉరుములు పోయినాక నీకే ఇస్తా. ఇప్పుడు దారంతా బయలు. ఆ బయల్లో మోపెడ్ మీద మీరిద్దరే ఎత్తు."

"నేను చూడని గాలివానలా? మాది కర్నూలు జిల్లాగా ఉన్నప్పటినుంచీ చూస్తాండా!"

"పిడుగుకు జిల్లా తెలవదు తాతా. రా, గడ్లు పడతాండాయి."

లోపలినుంచి ఎవరో, "టీచర్, తాతకు కూడా విజిల్ ఎయ్యండి" అన్నారు. గదంతా గొల్లుమంది. వడగళ్లు నిజంగానే నా బట్టతలను వెతుక్కుంటూ వచ్చాయి. లోపలికి పోక తప్పలేదు.

"తాతా, గోడకు ఆనుకోగాకు" అంది నా మనవరాలు, తనేదో పెద్దాఫీసరైనట్టు.

మెరుపు కనబడగానే ఒకటి నుంచి లెక్కపెట్టమంది టీచరు. ముప్పై లోపల ఉరిమితే పిడుగు మన దగ్గర్లోనే ఉన్నట్టట. పిల్లలు భయంతో రైలుబండిలా లెక్కపెట్టారు. ఆమె వాచీ పది సెకన్లు దాటకముందే ముప్పై అయిపోయింది. నెమ్మదిగా అంటే వినే స్థితిలో ఎవరూ లేరు. చిన్నపిల్ల ఒకతి ఏడుపు మొదలుపెట్టింది.

తర్వాతి మెరుపుకు నా నోరు దానంతటదే కదిలింది. ఉరిమితే భయం లేకుండా చదువుకోమని మా అవ్వ నేర్పిన పది పేర్లు, పురాణాల్లోని ఆ విలుకాడివి. అవ్వ ఒక్కో పేరునూ నిదానంగా సాగదీసేది. నేనూ అట్లాగే చదివాను. మనవరాలు అందుకుంది, నా దగ్గర నేర్చుకున్నదే. పక్కపిల్లలు అందుకున్నారు. మూడో పేరు దగ్గర ఉరుము కిటికీ రెక్కలను అదరగొట్టింది.

మూఢనమ్మకం, ఆపమంటుందని చూశాను. అంటే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె వాచీ వైపు చూస్తూ, "తాతా, మళ్లీ చదువు. అట్లనే, తొందరపడగాకు" అంది. చదివాను. "సరిగ్గా పది సెకన్లు. మూడుసార్లు చదివితే ముప్పై, నా లెక్క సరిపోతుంది. మా నానీ, అదే అమ్మమ్మ, ఆమె కూడా ఉరిమితే ఏదో చదివేది. అది ఇంకా పొడుగు, మధ్యలో నిద్రొచ్చేది."

ఏడ్చే పిల్ల నవ్వింది. ఆపైన ప్రతి మెరుపుకూ గదంతా ఒకే గొంతు. మూడో పేరు దగ్గర ఉరిమింది ఏడో పేరుకు జరిగింది. తర్వాత రెండో చదువుకు జరిగింది. వాన వెలిసింది. ఎండ కూడా కాసింది.

మిగతా తండ్రులు బండ్లేసుకుని వచ్చి వరండాలో నిలబడ్డారు. గుంజ పట్టుకున్న తండ్రుల్లో ఒకాయన గదిలోంచి లేచి వాళ్లలో కలిసి, "పంపియ్యమ్మా, వెలిసిపోయిందిగా" అన్నాడు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలంది టీచరు.

"ఎండ కాస్తాంటే పిడుగేందమ్మా!" అని నవ్వాడాయన.

నేనూ లేవబోతున్నవాణ్ణే. ఆ మాటతో అట్లాగే ఆగిపోయాను. ఆ మాట నేను చిన్నప్పుడు విన్నాను. మా చిన్నాయన, ముప్పై ఏళ్లు నిండని మనిషి, వాన వెలిసి ఎండ వచ్చిందని చింతచెట్టు కింది ఎద్దులను విప్పుకురావడానికి పోయాడు. మళ్లీ రాలేదు. ఎండలో పిడుగు పడిందని ఊరంతా వింతగా చెప్పుకుంది. శాపమన్నారు, గ్రహమన్నారు, మా చిన్నమ్మ కాలు మంచిది కాదన్నారు. ఇంకాసేపు ఆగి ఉంటే సరిపోయేదని ఒక్కడూ అనలేదు. ఇన్నేళ్లలో నాకూ తట్టలేదు.

నేను పోయి గడపలో కూర్చున్నాను.

"నువ్వూ ఆమె పక్కనేనా పెద్దాయనా? ఇందాక నువ్వే కదా కొట్లాడింది!"

"అవును, కొట్లాడినా. ఇప్పుడు నీతో కొట్లాడతా. మా చిన్నాయన ఇట్లనే ఎండ చూసి పోయినాడు. కూర్చో."

"నువ్వు అడ్డం లేస్తే..."

ఎండలోనే తెల్లగా మెరిసింది. పిల్లలు పేర్లు ఎత్తుకున్నారు. రెండో పేరు పూర్తి కాలేదు. ఆ చప్పుడుకు వరండాలోని తండ్రులందరూ నన్ను తొక్కుకుంటూ గదిలోకి వచ్చిపడ్డారు. ఎక్కడ పడిందో మాకెవరికీ తెలియదు. గుంజ పట్టుకున్న ఆయన తన కొడుకు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. టీచరు వాచీ చూసుకుని, "అరగంట మళ్లీ మొదటినుంచి" అంది.

ఆ తర్వాత మెరుపులు పలచబడ్డాయి. చివరి మెరుపుకు మూడుసార్లూ చదివాం, ఉరుము వినబడలేదు. అయినా ఆమె అరగంట ఆపింది. అప్పుడు తలుపు తీసి, పేరుపేరునా పిలిచి, ఒక్కో పిల్ల చేతిని ఒక్కో పెద్దమనిషి చేతిలో పెట్టింది. నా మనవరాలి చెయ్యిని మోపెడ్ దాకా నేను వదల్లేదు.

దారిలో బజ్జీల బండి అప్పుడే వెలిగించారు. అక్కడ ఉండగా కూతురి ఫోను.

"నాయనా, అక్కడ గాలివానంటనే! పిల్ల ఎట్లుంది?"

"బజ్జీ తింటాంది."

"ఏం కాలేదు గదా?"

"ఏం కాలేదమ్మా."

"నిజం చెప్పు."

"నిజమే. ఏమీ కాలేదు" అన్నాను. ఆ మాట ఇంకోసారి అనాలనిపించి, ఆమె అడగకపోయినా అన్నాను.