సదయ్య బావ గాలి పరీక్ష

మా సదయ్య బావకు ఏ వస్తువు చూపించినా ముందు గాలి సంగతి తేలాలి. ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది? దీనికి జవాబు చెప్పలేనివాడు ఆయన దృష్టిలో మనిషే కాడు. గోదావరిఖని బొగ్గుబావిలో భూమి లోపలికి గాలి సరిగ్గా అందుతోందో లేదో చూసే డ్యూటీ ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. మా అక్క చెప్పులు పెట్టుకునే డబ్బాకు కూడా రెండు వైపులా బెజ్జాలుంటాయి. నా పెళ్లి ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆయనొక్కడే షామియానా పైకప్పు చూస్తుంటాడు.

ఇవన్నీ భరించాను. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నా ఒళ్లు మండిపోయింది.

నా బిడ్డ సహస్రకు ఇళ్ల నమూనాలు కంప్యూటర్‌లో గీసే ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచే పని. సోమవారం పొద్దుటికల్లా గట్టి మదర్‌బోర్డు, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్ లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికిస్తామన్నారు. గురువారం మేం ఉపేందర్ కంప్యూటర్ దుకాణానికి వెళ్తే, పిలవని బావ మాకంటే ముందే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఉపేందర్ చిన్న మదర్‌బోర్డు చూపించాడు. సహస్ర సరేనంది. దానికి కార్డు తగిలిస్తే కింద వేలు పట్టే సందు కూడా మిగలదని బావ వద్దన్నాడు. పెద్ద బోర్డు తెస్తే, కార్డుకు ఒక్కటే ఫ్యాన్ ఉందని వద్దన్నాడు. రెండు ఫ్యాన్ల కార్డు తెస్తే, ముందంతా అద్దమే ఉన్న కంప్యూటర్ డబ్బాలో అది ఉడికి చస్తుందన్నాడు. జేబులోంచి అగరుబత్తి తీసి వెలిగించి, డబ్బాలో పొగ ఎటు పోతుందో చూడసాగాడు. ఏదో పూజ జరుగుతోందనుకుని వెనకున్న పెద్దమనిషి చెప్పులు విడిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇది బొగ్గుబావి కాదు, కంప్యూటర్ అని పళ్లు కొరికాను.

"బాయిల మనిషైతే దగ్గి చెప్తడు కిషన్. ఇది చెప్పదు గద," అన్నాడు తాపీగా.

శుక్రవారమూ అదే తంతు. శనివారానికి ఉపేందర్ తనే ఒక అగరుబత్తి ప్యాకెట్ తెచ్చి కౌంటర్ మీద పెట్టుకున్నాడు. చివరికి పెద్ద బోర్డు, మూడు ఫ్యాన్ల కార్డు, ముందు జాలీ ఉన్న డబ్బా బావ పరీక్షలో గట్టెక్కాయి.

ఆదివారం మెషీన్‌ను మా ఇంటి సామాన్ల గదిలో పెట్టాం. సహస్ర పని చేయాల్సింది అక్కడే. ఆ గదికి కిటికీ లేదు. బావ మళ్లీ అగరుబత్తి వెలిగించాడు. పొగ లేచి అక్కడక్కడే తిరిగింది. ఇక ఆగలేకపోయాను. మూడు రోజులు మమ్మల్ని దుకాణం చుట్టూ తిప్పింది చాలదా, తెల్లారితే పిల్ల ఉద్యోగం, ఇంకేం కావాలని అరిచాను.

బావ మొదటిసారి గొంతు పెంచాడు. "గీ కార్డుకు మూడు ఫ్యాన్లు కొన్నవు. దినాం పది గంటలు గీడ కూసునే పిల్లకు ఎన్ని కొన్నవ్?"

నిజంగా సిగ్గేసింది. సహస్ర చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆయన అప్పటికే సంచిలోంచి ఉలి, సుత్తి తీస్తున్నాడు. సాయంత్రానికి వెనక గోడకు రంధ్రం పడింది, అందులో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూర్చుంది. ఈసారి పొగ బుద్ధిగా గోడ దాటి పోయింది. సోమవారం తొమ్మిదింటికి సహస్ర చల్లగా పని మొదలుపెట్టింది.

పదింటికి మా అక్క వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో అట్లకాడ ఉంది.

"తమ్మీ, నా వంటింట్ల ఫ్యాను ఊడవీక్కచ్చిండు. ఇగ నా పొగ ఎటువోవాలె? జర మీ బావను అడుగు."