మెరిసే వైపు బొట్టు

అరవై రెండేళ్లు వచ్చేదాకా నేను ఏదీ రాయలేదు. రాయడం రాదు, అంతే. ఆరుగురిలో పెద్దదాన్ని. మా ఊళ్లో బడి ఇంటికి ఎదురుగానే ఉండేది గాని, నా చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవారు. చంకలో పిల్లతో వెళ్తే మాస్టారు రానివ్వరు, పిల్లని దింపి వెళ్తే అమ్మ ఊరుకోదు. ఆ తరువాత పెళ్లి, భిలాయి, క్యాంప్ 1లో ఒక్క గది ఇల్లు, స్టీలు ప్లాంటులో ఆయన షిఫ్టులు, నా పిల్లలు. రేషను కార్డు దగ్గర నుంచి బ్యాంకు దాకా అన్నీ వేలిముద్రతోనే నడిచాయి. నా బొటనవేలు చూసినన్ని ఆఫీసులు నేను చూడలేదు.

అక్షరాలు రావడం కూడా నా గొప్పేమీ కాదు. మా మనవరాలికి హిందీ గలగలా వస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. సెక్టర్ 2లో రిటైరైన పంతులమ్మ ఒకావిడ మధ్యాహ్నాలు పిల్లలకి తెలుగు చెబుతుంటే, కోడలు దాన్ని అక్కడ చేర్చింది. తీసుకెళ్లి తీసుకురావడం నా పని. క్లాసు అయ్యేదాకా వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. నెల తిరక్కుండా పిల్ల మానేసింది. నేను మానలేదు. పంతులమ్మ నన్ను ఏమీ అడగలేదు, ఒక పలక ఇచ్చింది. ఒత్తులు కుదరడానికి రెండేళ్లు పట్టింది. ఇందులో ఒక సౌకర్యం ఉంది. నేను రాసింది మా మనవరాలు చదవలేదు. అందుకే దాని సంగతి ధైర్యంగా రాస్తున్నాను.

అది ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. దానికీ, దాని స్నేహితురాళ్లు నలుగురికీ జపాను బొమ్మల సినిమాల పిచ్చి. కార్టూన్ అంటే కోపం, ఆనిమే అనాలి. ఏ సినిమా సీడీల డబ్బా ఏ నెలలో వస్తుందో, అందులో ఏమేం ఉంటాయో, పంచాంగం చూసినట్టు చూసుకుంటారు. అన్నీ ఫోనులోనే ఉంటాయి కదా అని నేను అడిగాను.

"ఫోనులో ఈరోజు ఉంటుంది, రేపు తీసేస్తారు నానమ్మా. కొన్ని వేరే చోట దొరకవు కూడా. డబ్బాలో కొన్నది మనదే. ఎవరూ తీసుకోలేరు" అంది.

ఎవరూ తీసుకోలేరన్న మాట నిజమే. పాడుచెయ్యలేరని మాత్రం అనలేదు.

అయిదుగురూ కలిసి దూరదేశం నుంచి ఒక డబ్బా తెప్పించుకున్నారు. రెండు నెలలు ఎదురుచూశారు. అందులో ఒకే కథ రెండు సీడీలుగా ఉంది. ఒకటి బొమ్మలతో గీసింది, రెండోది అదే కథని మనుషులతో తీసింది. సీడీ కాదు, దానికి వేరే పేరుందని మనవరాలు ఎన్నిసార్లు చెప్పినా, గుండ్రంగా ఉండి మెరిసేదంతా నాకు సీడీయే. మిగతా నలుగురి ఇళ్లలో అది వేసే ప్లేయరు లేదు. మా ఇంట్లో ఉంది. మా అబ్బాయి ఎప్పుడో కొన్నది, ఆయన దాంట్లో పద్యనాటకాలు వేసుకుంటారు. అయినా డబ్బా ఎవరి దగ్గర ఉండాలని వాళ్లలో వాళ్లకి గొడవైంది. కళ్లజోడు పిల్ల ఒకతె తన దగ్గరే ఉండాలంది. మా మనవరాలు ఫోనులో అరగంట వాదించింది. "మా ఇంట్లో సేఫ్‌గా ఉంటుంది. నాది జిమ్మేదారీ" అంది, బాధ్యత తనదేనని. ఆ మాట నేను వంటింట్లోంచి విన్నాను.

గురువారం పార్సిలు వచ్చింది. ఆదివారం అందరూ కలిసి చూడాలని, అందాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి బీరువా మీద పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో నేనూ ఆయనా ఉన్నాం. ఆయన నిద్రపోతున్నారు. నాకు ఒకటే ఆలోచన. రెండు నెలలు ఎదురుచూసేంత సినిమా అందులో ఏముంది? ఒక్క పావుగంట చూసి మళ్లీ అక్కడే పెట్టేద్దామనుకున్నాను. బొమ్మల సీడీ వేశాను. పూర్తిగా రెండు గంటలు చూశాను.

మాటలు జపాను భాష, కింద అక్షరాలు ఇంగ్లీషు. రెండూ నాకు ఒకటే. అయినా బాగుంది. ఒక ఆడపిల్ల పాత ట్రాము బండి నడుపుతుంది. అందులో ఒక కొంగ టోపీ పెట్టుకుని టికెట్లు కోస్తుంది. వాన, చెరుకు తోటలాంటి గడ్డి, ఒక ముసలాయన కూర్చునే కుర్చీ, తరువాత ఖాళీ. చివర్లో నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

సినిమా అయ్యాక గుర్తొచ్చింది. శుక్రవారం పూట, ఇంటికొచ్చిన కొత్త వస్తువుని బొట్టు పెట్టకుండానే వాడేశాను. మా ఇంట్లో ఫ్రిజ్‌కి, మిక్సీకి, సైకిలుకి, ఆయన కొత్త పళ్లసెట్టు పెట్టెకి కూడా బొట్టు పెట్టాకే వాడాం. కాళ్లు కడుక్కుని పసుపూ కుంకుమా తెచ్చాను. డబ్బా నున్నగా ఉంది, కుంకుమ నిలవలేదు. సీడీకే పెడదామని చూస్తే, బొమ్మ ఉన్న వైపు కొంగ ముక్కే సగం మేర ఉంది, బొట్టుకి చోటు లేదు. తిప్పి చూస్తే అవతల వైపు అద్దంలా, నా ముఖం కనబడేలా ఖాళీగా ఉంది. ఇది దీనికి ముఖం కాబోలు అనుకున్నాను. పసుపు తడిపి మూడు వేళ్లతో రాసి, మధ్యలో కుంకుమ పెట్టాను. చూడముచ్చటగా ఉంది. రెండోదానికి పెట్టబోతుండగా ఆయన లేచి వచ్చారు.

"ఏటే, ఏటి సేస్తున్నావు?"

"బొట్టు."

ఆయన సీడీని వెలుతురులో పెట్టి చూశారు. "మిషనుకి బొట్టెట్టొచ్చు. మీటరు అద్దానికి ఎడతారేటే? ప్లాంటులో ఇన్నేళ్లు విశ్వకర్మ పూజ సేసినోడిని. నన్నడగొచ్చు గదా."

"మీరు గుర్రెడతన్నారు గదా."

ప్లేయరులో వేసి చూశారు. గిర్రున తిరిగింది, ట్రాము కదిలింది, కొంగ నోరు తెరిచింది. మూయలేదు. ఎంతసేపు చూసినా ఆ కొంగ అలాగే నోరు తెరుచుకుని ఉంది.

"కడిగీయ్, పోద్ది" అన్నారు ఆయన.

ఆయన ఉద్దేశం మెత్తటి గుడ్డ. అది ఆయన చెప్పలేదు. మా ఊరు స్టీలు ఊరు, నా వంటిల్లు నిండా స్టీలే. నాకు కడగడమంటే గిన్నెల సబ్బూ స్టీలు పీచూ. శ్రద్ధగా తోమాను. పసుపు మొత్తం పోయింది. అద్దం కూడా పోయింది. ఈసారి వేస్తే ట్రామూ లేదు, కొంగా లేదు. ప్లేయరు కాసేపు గొంతు సవరించుకుని ఊరుకుంది.

సాయంత్రం మనవరాలికి నేనే చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. సీడీని చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుంది.

"నేను జిమ్మేదారీ అన్నాను నానమ్మా. వాళ్లు ఇంక నన్ను నమ్మరు."

"నేను సెప్తానులే. నా వల్లే అయిందని."

"వద్దు. మా నానమ్మ పీచుతో తోమిందని చెప్పనా? కాలేజీ అంతా నవ్వుతుంది. పార్సిల్లోనే పాడై వచ్చిందని చెప్పేస్తా. నువ్వు మాత్రం ఏమీ మాట్లాడకు."

ఆ రాత్రి అది అన్నం సగంలో వదిలేసింది.  శనివారం పొద్దున్నే నేను అక్షరాలు దిద్దే కాపీ పుస్తకం తీశాను. ఆ సినిమా ఈ ఇంట్లో చూసినదాన్ని నేనొక్కదాన్నే. మరిచిపోకముందే రాసేస్తే, ఆ పిల్లలకి కనీసం కథైనా దక్కుతుంది. అంతకుముందు నేను రాసిన వాటిలో పెద్దది కోడలికి రాసిచ్చిన సామాన్ల జాబితా. ఈ కథ ఏడు పేజీలు అయింది. మాటలు అర్థం కానిచోట నా బుద్ధికి తోచింది రాశాను. ఆ కొంగ, ట్రాము నడిపే పిల్లకి చనిపోయిన తాత. లేకపోతే ఖాళీ కుర్చీ వైపు అలా ఎందుకు చూస్తుంది? ఊళ్లోవాళ్లు ట్రాము ఆపేయమంటుంటే మనవరాలికి సాయం చెయ్యడానికి కొంగై వచ్చాడు. ఏడో పేజీ చివర ఒక వాక్యం ఎక్కువ రాశాను. "ఈ సీడీని బొట్టు పెట్టి, పీచుతో తోమి పాడుచేసింది నేనే, పార్సిలు తెచ్చిన అబ్బాయి కాదు."

ఆదివారం నలుగురూ వచ్చారు. నూనె మూకుడు పెట్టి వేడివేడిగా పునుకులు వేశాను. పార్సిల్లో పాడైందన్న కబురు ముందే తెలుసు కనుక ముఖాలు వేలాడేసుకునే వచ్చారు. నేను కాపీ పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. మనవరాలు కళ్లతో వద్దంది.

"బొమ్మల సినిమా నేను సూసేను. రాసుకున్నాను. సదవనా?" అన్నాను.

"దాదీ నే దేఖీ?" అంది కళ్లజోడు పిల్ల, నానమ్మ చూసిందా అని. "పార్సిల్లోనే పాడైంది కదా?"

"మొదట్లో కాస్త ఆడింది" అంది మనవరాలు, నేల చూస్తూ.

వాళ్లకి తెలుగు ఒకటో రెండో మాటలు తప్ప రాదు, అందుకే నేను తెలుగులో చదువుతుంటే అది హిందీలో చెప్పాలి. అయిదు నిమిషాలు ఏదో మొక్కుబడిగా చెప్పింది. కొంగ వచ్చేసరికి దానికి ఊపొచ్చింది. నేను "టికెట్టు తీసుకోమ్మా" అని చదివితే, అది ముక్కు చాచి కొంగ గొంతుతో "టికట్, టికట్" అంది. ఒత్తుల దగ్గర నేను ఆగితే అదీ ఆగేది, వాళ్లు పునుకు నోట్లో పెట్టుకోకుండా ఎదురుచూసేవారు. 

చివరి వాక్యం చదివాను. మనవరాలు నా వైపు చూసింది. ఆ తరువాత వాళ్ల వైపు తిరిగి, "ఖతమ్" అంది.

నేను రాసిన అన్ని మాటలకి ఒక్క మాట.

తరువాత రెండో సీడీ వేశారు, మనుషులది. కింది ఇంగ్లీషు వాళ్లు చదువుకుంటారు. ఇందులో కొంగ ఒక పెద్దమనిషి. మెడ చుట్టూ ఈకలు అంటించుకున్నాడు, తోలు బూట్లేసుకున్నాడు. అతను కనబడగానే అయిదుగురూ దిండ్లలో ముఖాలు దాచుకున్నారు.

"ఇతను కొంగేటే? కోడి కొట్టోడిలా ఉన్నాడు" అన్నారు ఆయన.

సగం అయ్యాక కళ్లజోడు పిల్ల టీవీ ఆపింది. "దాదీ, ఇతను తాత కాదు. ట్రాము కంపెనీ మేనేజరు. లైను మూసెయ్యడానికి వచ్చాడు" అని హిందీలో చెప్పింది.

నా ఏడు పేజీలూ అబద్ధమే. "మరి కుర్చీ?" అన్నాను.

"ఆ కుర్చీ అమ్మకానికి పెట్టారు."

పిల్లలు పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆ పిల్ల ఫోను తీసింది. "అమ్మినవాళ్లకి కంప్లయింట్ పెడతాను. గీతలు పడ్డ సామాను పంపారని రాస్తే కొత్తది ఇవ్వాల్సిందే. పార్సిలు అబ్బాయి మీద కూడా పెడదాం. విసిరేసి ఉంటాడు." మా మనవరాలు పునుకుని రెండు ముక్కలు చేసి, రెండింటినీ ప్లేటులోనే పెట్టింది.

ఆ పార్సిలు అబ్బాయి రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు. నేనే తీసుకున్నాను. మంచినీళ్లు కూడా అడిగి తాగాడు.

నేను వంటింట్లోకి వెళ్లి స్టీలు పీచు తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాను. తప్పు ఆ అబ్బాయిది కాదు, దీంతో తోమింది నేనేనని నాకొచ్చిన హిందీలో చెప్పాను. "బేటా, ఉస్‌కా గల్తీ నహీ. మైనే రగడా. ఇస్‌సే."

ఆ పిల్ల పీచుని చూసింది, సీడీని చూసింది, నన్ను చూసింది. "ఇస్‌సే?" అంది.

"పహలే హల్దీ లగాయా" అన్నారు ఆయన పక్కనుంచి, ముందు పసుపు కూడా రాశానని, అడక్కుండానే.

 అప్పుడు మనవరాలు, "నానమ్మ ఇందాకే చదివింది. నేనే చెప్పలేదు. సారీ" అంది. అది తల దించుకోవడం నేను ఆరోజే చూశాను. కళ్లజోడు పిల్ల ఫోను పక్కన పెట్టి, పీచుని తిప్పి తిప్పి చూసి, "ఇంత తోమినా దీనికేం కాలేదు" అంది. అంతే, మళ్లీ నవ్వులు. ఒక పిల్లకైతే పొలమారింది, నీళ్లివ్వాల్సి వచ్చింది.

వెళ్లేటప్పుడు ఆ పిల్లే చెప్పింది, మిగిలిన సీడీ, డబ్బా ఇక్కడే ఉండనీ అని. "కానీ దాదీ, ఇంక దేన్నీ కడగొద్దు" అంది. కొంగ తాతైన కథే తనకి నచ్చిందట, ఆ ఏడు పేజీలూ ఫొటోలు తీసుకుంది. చదవలేదు పాపం. మా మనవరాలు పంతులమ్మ దగ్గరికి మళ్లీ వెళ్తానందా అంటే, అనలేదు. నాతో అన్నం మాత్రం తింది.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి గడపకి పసుపు రాశాను. వేలికి కాస్త మిగిలింది. బీరువా మీద డబ్బా కనబడుతోంది. ఎంత ఓర్చుకున్నా మనసొప్పలేదు. డబ్బా వెనక, ఒక మూలన, ఆవగింజంత పెట్టాను. ఈసారి కుంకుమ రాలిపోకుండా కొంచెం నూనె కలిపాను. తరువాత ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి మూతకి అంటించాను. "లోపల బొట్టు పెట్టరాదు. బయట పెట్టేశాను."