బుగ్గ మంట చల్లారేదాకా

మొటిమలు ఈడొచ్చిన పిల్లలకు వస్తాయంటారు. ఆ ఈడులో నాకు ఒక్కటీ రాలేదు. పెళ్లయి చాలా ఏళ్లు గడిచి, ముప్పైకి దగ్గరపడ్డాక వచ్చాయి. గడ్డం మీద, దవడల వెంబడి, లోపల గింజ దాచినట్టు గట్టిగా లేచేవి. నెలసరి దగ్గరపడేకొద్దీ ఎర్రబడి వాచేవి. ఒకటి తగ్గేలోపే దాని పక్కన ఇంకొకటి తయారు.

అరవయ్యో దశకం మొదట్లో మాట ఇది. ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో, సముద్రపు హోరు వినపడే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన బడిపంతులు. నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పించాడు. అత్తమ్మతో కలిసి ముగ్గురం. దేవుడు మాకు బిడ్డల్నివ్వలేదు. అయినా ఆయన మీద అలగాలని నాకెప్పుడూ అనిపించలేదు. పక్కింటి పాపను ఇచ్చాడు కదా.

పక్కింటివాళ్లు వరి పండించే రైతులు, హిందువులు. ఆ ఇంటి కోడలిని అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పొద్దున్నే పొలానికి పోతూ, మా రెండిళ్ల మధ్య ఉన్న తాటాకు దడి మీదుగా పాపను నా చేతుల్లో పెట్టేది. ఏడాది నిండని పాప. నా ఒళ్లో పడుకుని, నా దవడ మీద అరచెయ్యి ఆనించుకుంటే గానీ దానికి నిద్ర పట్టేది కాదు. ఆ దవడ మీదే మొటిమలు. నొప్పి పుట్టినా ఆ చేతిని తీసేదాన్ని కాదు. అంత మెత్తటి బరువు నా ముఖం మీద ఎవరు పెడతారు?

నా ముఖం చూసి అక్క నవ్వేది. "ఏం మే, ఈ వయసులో మళ్లా పెళ్లికూతురివి అవతావా ఏంది? మూతంతా మొగ్గలు తొడిగినాయే! పసుపు రాసుకోరాదా?"

మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లం ముఖానికి పసుపు రాసుకోము. బొట్టుతోపాటే దాన్నీ పెద్దలు విడిచిపెట్టారు. దడి ఇవతల నుంచి అత్తమ్మే జవాబు చెప్పింది. "కూరలో పసుపు కూరలోనే ఉండాల. మొకానికి ఎందుకులే." ఆ వెంటనే నావైపు తిరిగి, "ఇది వేడి. పీతలు తినబాక" అని, పాలలో జాజికాయ అరగదీసి తనే పూసింది. చల్లగా ఉండేది గానీ తగ్గేది కాదు.

పక్కింటి అవ్వకు, అంటే అక్క అత్తగారికి, ఇదంతా నచ్చలేదు. ఒకరోజు పాపను నా భుజం మీద నుంచి తీసుకుంటూ, "ఆ పుండ్ల మీద పసిబిడ్డ చెయ్యి పెట్టనియ్యబాకమ్మా. అయి తగ్గినాక ఎత్తుకుందువులే" అన్నది. మాట మెల్లగానే అన్నది. నాకు మాత్రం ఒళ్లో ఉన్నదాన్ని ఎవరో లాక్కుపోయినట్టయింది.

అందుకే తొందరపడ్డాను. మా ఆయన నెల్లూరు మందుల షాపు నుంచి గంధకం ఆయింట్‌మెంటు తెచ్చారు. పడుకోబోయే ముందు కొంచెమే రాయమన్నాడట షాపాయన. దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన దానిది. రాస్తే చర్మం ఆరి బిగుసుకునేది, ఆ బిగువే గుణమనుకున్నాను. కొంచెం రాస్తే కొంచెం తగ్గుతుంది, బాగా పూస్తే బాగా తగ్గుతుందని లెక్క వేసుకున్నాను. సబ్బు పెట్టి, పీచుతో తోమి, పొద్దునా మధ్యాహ్నమూ సాయంత్రమూ మందంగా పట్టించాను. మధ్యలో నిమ్మరసం కూడా.

వారం తిరక్కుండానే ముఖం మండిపోయింది. చర్మం పొరలు పొరలుగా లేచింది. మొటిమలు లేని చోట కూడా చిన్న చిన్న పొక్కులు పుట్టి నీరు కారాయి. కళ్ల కింద వాపు. అలా ఉన్నప్పుడు నీళ్ల కోసం బయటికి వచ్చిన నన్ను అవ్వ చూసింది. గబగబా లోపలికి పోయింది. కాసేపటికి వాళ్ల గుమ్మానికి వేపమండలు వేలాడాయి. నాకు అమ్మవారు పోసిందనుకున్నారు.

అవ్వను తప్పు పట్టలేను. అంతకుముందు ఎండాకాలంలో సముద్రం ఒడ్డు పాలెంలో మశూచి వచ్చి పసిబిడ్డల్ని తీసుకుపోయింది. ఆ ఏడుపులు మా ఊరిదాకా వినబడ్డాయి. కానీ మా అత్తమ్మకు అవేమీ పట్టలేదు. మామూలుగా చేపల పులుసుకు తాళింపు పెట్టింది. అమ్మవారున్న ఇంట్లో నూనె మరగకూడదని వాళ్ల నియమం.

దడి అవతల అవ్వ గొంతు లేచింది. "అమ్మోరు పోసిన ఇంట్లో చుయ్యిమనిపిస్తా ఉండారు! ఏం గుండెలు మే ఈళ్లవి!"

"అమ్మోరు కాదు పెద్దమ్మా, ఆయింట్‌మెంటు!" అని అరిచింది అత్తమ్మ.

"ఆ పేరు గల అమ్మోరిని నేను యాడా ఇనలే!"

నవ్వుదామంటే పెదవుల పక్కన చర్మం చిట్లింది. దడి వెనక పాప నవ్వింది. మా గొడవకే నవ్వినట్టుంది.

మా ఆయన నన్ను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. "ఏమేం పూసినావమ్మా?" అని అడిగింది. ఒక్కొక్కటే చెప్పాను. "ఉప్పూ కారమే తక్కువ" అని నవ్వి, తర్వాత నెమ్మదిగా చెప్పింది. పెద్ద ఆడవాళ్లకూ మొటిమలు వస్తాయట, అది మురికీ కాదు పాపమూ కాదట. చర్మం లోపల వాపు ఉంటుంది, పైన తోమితే ఆ వాపు ఇంకా రేగుతుంది. గంధకం మంచిదే, కానీ మోతాదు మీరితే పొక్కును ఎండబెట్టే మందే పక్కనున్న మంచి చర్మాన్ని కాలుస్తుంది. "ముందు అన్నీ మానెయ్. వట్టి నీళ్లతో కడుక్కో. మంట చల్లారినాక పల్చటి మందు ఇస్తాను, రోజు విడిచి రోజు, మొటిమ మీద మాత్రమే. నెలలు పడుతుంది. ఓర్చుకుంటావా?"

"పసిబిడ్డను ఎత్తుకోవచ్చా?" అన్నాను.

"నిక్షేపంగా. ఇది అంటేది కాదు."

ఆ మాటను బస్సులో దారిపొడుగునా కొంగున ముడివేసుకున్నట్టు తెచ్చుకున్నాను. మా ఆయనతో అవ్వకు చెప్పించాను. అవ్వ ఒప్పుకోలేదని కాదు. "తగ్గినాక వేపాకు పసుపునీళ్లు తలకు పోసుకోమనండి. అమ్మోరు సాగిపోయినట్టు. అప్పుడు పాపను ఇస్తాం" అన్నది. ఆ నీళ్లు పోసుకుంటే, వచ్చింది అమ్మవారేనని నా నోటితో ఒప్పుకున్నట్టు. నేను మోకరించే దేవుడి ముందు ఆ మాట ఎలా ఒప్పుకోను? నన్నే తేల్చుకోమన్నది అత్తమ్మ.

పోసుకోలేదు. ఓర్చుకున్నాను.

చర్మం తన పని తాను చేసుకుంది. ముందు మంట పోయింది, తర్వాత ఎరుపు. పల్చటి మందుతో గట్టి గింజలు ఒక్కొక్కటే అణిగాయి. దడి అవతల పాప కూడా తన పని తాను చేసుకుంటోంది. అది పాకే చప్పుడు విన్నాను. గిన్నె పడేసిన చప్పుడు విన్నాను. "అత్త" అన్నది ఒకసారి. ఎవరిని అన్నదో తెలియదు. ప్రార్థనలో నా ముఖం సంగతి అడగడం ఎప్పుడో మానేశాను. ఆ అరచెయ్యి ఒక్కటే అడిగేదాన్ని.

ఒక ఆదివారం చర్చి నుంచి తెల్లచీరలో వచ్చేసరికి అక్క మా వాకిట్లో నిలబడి ఉంది. చంకలో పాప, తల తడి, ఒళ్లంతా పచ్చగా.

"నీకు ఒద్దులే మే, పాపకు పోసినాను ఆ నీళ్లు. ఎవురికి పోస్తే ఏముండాది? మా అత్తను ఒప్పించినాను" అన్నది. తర్వాత గొంతు తగ్గించింది. "మా ఆయన చిట్టమూరు కాడ పొలం చూసుకునేదానికి పోతా ఉండాడు. ఈ నెలాఖరుకు అందరం పోతాం. అందుకే, ఇంక ఆగలేక తెచ్చినా."

పాప నన్ను గుర్తుపట్టలేదు. చేతికిస్తే మూతి విరిచి ఏడ్చింది. నేను కూర్చుని, ఇదివరకటిలాగే ఒళ్లో పడుకోబెట్టి ఊపాను. ఏడ్చి ఏడ్చి అలిసింది. కళ్లు మూతలు పడుతుండగా దాని చెయ్యి లేచి, తడుముకుంటూ వచ్చి, నా దవడ మీద ఆగింది. నొప్పి లేదు. ఉంటే బాగుండుననిపించింది, అంతా అంతకుముందులాగే ఉన్నట్టు తోచేది.

వాళ్లు చెప్పినట్టే వెళ్లిపోయారు. మళ్లీ ఆ పాపను చూడలేదు. మంట చల్లారిన ఈ ముఖం ఇచ్చినందుకు దేవుడికి, డాక్టరమ్మకు, పసుపునీళ్లు పోసిన అక్కకు ఇప్పటికీ రుణపడే ఉన్నాను.

ఆ ఆదివారం నా చీర కొంగు మీద పాప తల ఆనించిన చోట పసుపు అంటుకుంది. పసుపంటే గిట్టని అత్తమ్మ కోప్పడలేదు. మర్నాడు సబ్బు పెట్టి ఉతికింది. మరక ముందు ఎర్రగా మారి, నీళ్లలో జాడిస్తే మళ్లీ పచ్చబడింది. "ఎండలో ఏస్తే అదే పోతాదిలే" అని పెరట్లో తీగ మీద ఆరేసి లోపలికి పోయింది.

ఆమె పోయాక వెళ్లి, చీరను తీసి, వసారాలో నీడన ఆరేసుకున్నాను.