గేటు దాటని నారింజలు

చదువు నా చేతిలోంచి మూడో తరగతిలోనే జారిపోయింది. బంతీ అంతే, ఎప్పుడూ చేతిలో నిలిచింది లేదు. అయినా మా రబ్బరు తోట జట్టుకి గోల్‌కీపర్ని నేనే. నన్ను పెట్టింది చిన్న దొర.

మేనేజరు కింద పనిచేసే ఆ ఇంగ్లీషాయన ఏ మాటైనా “మా ఊరి క్లబ్బులో” అనే మొదలుపెట్టేవాడు. కసాయి కొట్టు వెనక మైదానం, ఆవుల్ని తోలాకే ఆట, ఎప్పుడూ ఓటమే. హాఫ్ టైమ్‌లో మాత్రం మనిషికో నారింజ. ఆ ఆచారం ఇక్కడా తప్పకూడదు.

మలయాలో ఇంగ్లీషువాళ్లు ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. అడవిలోని కమ్యూనిస్టులకు చేరుతుందని తోట గేటు దాటి తిండి పోనిచ్చేవారు కాదు. పట్టుబడితే జైలే. దొర వెంట ఉండగా ఎవరడుగుతారనుకుని, పక్క తోటలో ఆటకి లారీలో బయల్దేరాం. గేటు దగ్గర పోలీసు నా ఒళ్లోని సంచి విప్పాడు. నిండా నారింజలు.

“ఎవరికివి?”

తుపాకీ నా వైపు తిరిగింది. నా వేలు దొర వైపు తిరిగింది.

“సంచి నాది” అంటూ చిన్న దొర లారీ దిగాడు. “మా ఊరి క్లబ్బులో...” అని కసాయి కొట్టు నుంచి ఆవుల దాకా అంతా మలాయి భాషలో చెప్పాడు. పోలీసు తుపాకీ దించలేదు.

“గేటు దాటడానికి వీల్లేదు.”

దొర ఈల ఊదాడు. “హాఫ్ టైమ్!”

ఆట మొదలుకాకుండానే, తుపాకీ ఎదుట నిలబడి అందరం నారింజలు తిన్నాం. పోలీసు తొక్కలు కూడా ఏరించాకే గేటు తీశాడు.

ఏడు గోల్స్‌తో ఓడి వస్తూ నేను ఊరుకోలేదు. “ఏటి దొరా, ముందే హాఫ్ టైమ్ ఇచ్చీసినారు! కడుపు బరువెక్కి ఎగరలేకపోనాను!”

మా దగ్గర నేర్చిన తెలుగులోనే అన్నాడాయన: “నీ బదులు ఆ పోలీసుని గోల్‌లో నిలబెట్టాల్సింది. ఒక్క నారింజని కూడా దాటనీనేదు.”