గోడవైపు తిరిగిన చాచా

వరంగల్‌లో బ్యాండు సామాన్లు అమ్మే ఆ చాచా ముఖం నాకు సరిగా గుర్తులేదు. వీపు గుర్తుంది.

మా పాప బడిలో స్కౌట్స్‌లో చేరింది. మొదటిరోజు బ్యూగిల్ ఊదితే తోటిపిల్లలు నవ్వారట. సొంతది కొనిద్దామని ఆ దుకాణానికి తీసుకెళ్లాను. పాప కన్ను తళతళలాడే పెద్దదానిమీద పడింది. చాచా దానితోపాటు మరో రెండు ఇత్తడి బ్యూగిళ్లు బల్లమీద పెట్టి, ఊదేచోట గుడ్డతో తుడిచి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఊదు బిడ్డా, ఫికర్ చెయ్యకు."

"అటు తిరిగిన్రేంది చాచా?" అన్నాను.

"చూస్తే పిల్ల సిగ్గుపడ్తది సార్. సిగ్గుపడితే దమ్ము రాదు. మీరు గూడ జర అటు తిరుగున్రి."

నవ్వొచ్చింది గానీ తిరిగాను. పెద్దది బుస్సుమంది. రెండోది కీచుమంది. మూడోది, సొట్టపడిన చిన్నది, ఒక్క ఊపిరికే పలికింది.

"గదే తీస్కపోన్రి" అన్నాడు చాచా, ఇంకా ఇటు తిరగకుండానే. "గాలి తక్కువున్నా పలుకుతాంది. దమ్ము పెరిగినంక పెద్దది చూద్దాం."

మొన్న బడిలో జెండా ఎగరేసేటప్పుడు పాప బ్యూగిల్ పెదవులకు ఆనించింది. తల్లిదండ్రులంతా ఫోన్లెత్తి తనవైపు తిరిగారు.

నేను ప్రహరీగోడవైపు తిరిగాను.