ఒకరికే సరిపోయిన నీళ్లు

పోయిన ఆదివారం మా కోడలు పాత నూలు చీరలేమైనా ఉన్నాయా అని అడిగింది. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. పటాన్‌చెరులో మేముంటున్న ఫ్లాటులో పుట్టబోయే బిడ్డ సామానుతో ఇప్పటికే ఒక అల్మారా నిండిపోయింది గానీ, పసి ఒంటికి పాత చీర గుడ్డంత మెత్తనిది మరొకటి లేదని ఎవరో చెప్పారట. రెండు చీరలు తీసి, చింపి, ఉతికి బాల్కనీలో ఆరేశాను. ఆరిన గుడ్డలను ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంటే, సబ్బు వాసన అంత ఇష్టమా అత్తమ్మా అని కోడలు నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. కడుపుతో ఉన్న పిల్లకు చెప్పదగిన సంగతి కాదది. నా ఈడువారు మీరు గనక మీకు చెబుతున్నాను.

మా అత్తగారి ఊరు గడ్డపోతారం దాటి కాస్త లోపలికి ఉంటుంది. నేను కాపురానికి వెళ్లేనాటికి చుట్టూ జొన్నచేలే. నా పెద్దకూతురు నడక నేర్చేసరికి ఆ చేల మధ్య పొగగొట్టాలు లేచాయి. మందుల కంపెనీలన్నారు. మా ఆయనకూ, మరిదికీ ఒకదాంట్లో నౌకరీ దొరికితే, ఇక వానదేవుడి ముఖం చూసే పని లేదని మామ వాడకట్టంతా బెల్లం పంచాడు.

నాకు రెండోసారి నెల తప్పిన ఏడాదే మా యారాలికి, అంటే మరిది భార్యకు, తొలి కడుపు పండింది. ఆ పిల్లకు చిన్ననాడే తల్లి పోయింది. నాది రెండో కాన్పు కాబట్టి పుట్టింటికి పోయే ఆనవాయితీ లేదు. ఇద్దరి కాన్పులూ తన చేతి మీదుగానే జరగాలని అత్త ఎంత మురిసిపోయిందో! అటక మీది తొట్టెల దింపించింది, నులక మంచం బిగించింది, శొంఠి, వాము, ఆముదం పోగుచేసింది, పాత చీరలన్నీ చింపి మా బావి నీళ్లతో ఉతికి దండెం మీద ఆరేసింది. సాయంత్రానికి ఆ గుడ్డలు అప్పడాల్లా బిగిసిపోయి, అంచుల వెంట పసుపు మరకలు కట్టి, ముక్కు మంటపుట్టే ఘాటు కొట్టాయి. మళ్లీ ఉతికింది, మూడోసారీ ఉతికింది. మరక పోలేదు. 

తర్వాత ఒకటొకటిగా కనబడసాగాయి. బావిలో కప్పల అరుపు ఆగిపోయింది. అన్నం వండితే లేత పసుపుగా దిగేది. ఇంట్లో చూడిబర్రె నెలలు నిండకుండానే ఈచుకుపోయింది, దూడ దక్కలేదు. వారం తిరగకముందే పక్కింటి మేకకూ అదే గతి. దిష్టి తగిలిందని మామ దొడ్డి గుమ్మానికి నిమ్మకాయలు కట్టాడు. అత్త మాత్రం మర్నాటి నుంచి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని పక్క ఊరి బోరింగు దాకా నడవడం మొదలుపెట్టింది. ఆ నీళ్లు మా ఇద్దరికే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. నీళ్ల సంగతి బయట ఎత్తవద్దని మా ఆయన గట్టిగా చెప్పాడు. కంపెనీవాళ్ల చెవిన పడితే అన్నదమ్ములిద్దరూ ఇంట్లో కూర్చోవలసి వస్తుందని ఆయన భయం.

ఎండలు ముదిరి బోరింగు సన్నబడింది. ఒకనాడు అత్త నన్ను దొడ్లోకి పిలిచింది.

"నువ్వు నీ తల్లిగారింటికి పో బిడ్డా. నేను తెచ్చే నీళ్లు ఒక్కదానికే సాలుతున్నయి. నీకు పోనీకి తావుంది, దానికి లేదు."

ఊరివాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నాను.

"ఇద్దరు కడుపుతోటి ఉన్నోల్లు ఒక్క దూలం కింద ఉండొద్దన్నరని చెప్పు. నీళ్ల ముచ్చట తియ్యకు."

బస్సు దాకా నా మూట మోసుకొచ్చింది యారాలే. బస్సు కనబడ్డాక నా కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"అక్కా, నన్ను గూడ తోలుకపోరాదు?"

కంది అనే ఊరి దగ్గర మా అమ్మ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఇద్దరు నిండు మనుషులను అమ్మ ఎక్కడ పెడుతుంది, ఊరు ఏమనుకుంటుంది అని ఆలోచించాను. కాన్పు కాగానే వచ్చేస్తానని చెప్పి బస్సెక్కాను.

నాకు కొడుకు పుట్టాడు. ఇల్లంతా వినబడేలా ఏడ్చాడు. ఇరవై ఒకటో నాడు తొట్టెల్లో వేస్తుంటే మరిది ఒక్కడే వచ్చి, తొట్టెల వైపు చూడకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అతను ఆగి ఆగి చెప్పింది ఇదీ: వానలకు దారంతా బురదై అత్త బిందెలతో జారిపడింది, మడమ వాచి మంచాన పడింది. ఎవరినీ కష్టపెట్టడం ఇష్టంలేక యారాలు బావిలోనే చేదుకుని తాగింది, బోరింగు నీళ్లేనని అందరికీ చెప్పింది. నెలలు నిండాకే కాన్పయింది. ఆడపిల్ల. ఏడవలేదు.

సంగారెడ్డి ఆసుపత్రిలో అప్పుడప్పుడు అలా జరుగుతుందన్నారట. నీళ్ల వల్లేనని ఎవరూ తేల్చలేదు, కాదనీ తేల్చలేదు.

మూడో నెలలో నేను తిరిగి వెళ్లినప్పుడు యారాలే ఎదురొచ్చి నా కొడుకును ఎత్తుకుంది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత ఆమెకు ఇద్దరు పుట్టారు. రెండుసార్లూ ఐదో నెలలోనే నేనే తీసుకువెళ్లి మా అమ్మ దగ్గర దింపాను. ఆ రెండు గదులు ఎవరికీ ఇరుకు కాలేదు.

ఇప్పటి పిల్లలకు నెలనెలా పరీక్షలు, ఇంటికే మంచినీళ్లు. భయమేస్తే భయమని డాక్టరుతోనే చెబుతారు. మాలాగా దానికో ఆచారం తొడిగి బయటికి పంపనక్కర్లేదు. అందుకు సంతోషమే. కానీ మొన్న ఒక పెళ్లికి మా అత్తగారి ఊరి మీదుగా పోతూ చూశాను. మా పాత బావి పూడ్చిన చోట ప్లాట్లు చేశారు, ఒక కొత్త ఇంటివాళ్లు బోరు వేయిస్తున్నారు. కారు ఆపించి, దిగి, ఆ ఇంటాయనకు నాకు తెలిసినంత చెప్పాను. మర్యాదగానే విన్నాడు. ఇప్పుడు నీళ్లు తేటగా పడుతున్నాయి పెద్దమ్మా, పరేషాన్ కావద్దన్నాడు. గ్లాసులో పట్టి చూపించాడు కూడా. నిజమే, రంగు లేదు, వాసన లేదు. ఆనాటి నీళ్లు కనీసం మాకు చెప్పాయి.